వెనక సందులో చేతులు

పంతులమ్మ పేరు మీద మొదటి తప్పు పడ్డ రోజు, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది, రేపో మాపో వాళ్లే దిద్దుకుంటారు అనుకుంది. పన్నెండు రోజులకు రెండోది పడింది. ఇక అప్పటి నుంచి, ఎవరో పనిగట్టుకుని తన మీద కక్ష తీర్చుకుంటున్నారన్న అనుమానం ఆమెను పట్టుకుంది.

పంతులమ్మ అన్నది గోదాములో ఉన్న నలుగురు తెలుగువాళ్లు పెట్టిన పేరు. సొంతూళ్లో తొమ్మిదేళ్లు మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పింది. బడి మూతపడ్డాక, పెళ్లి ఊసెత్తిన చుట్టాలందరికీ ఓ దణ్ణం పెట్టి, ముప్పై నాలుగో ఏట అక్కా బావల దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చేసింది. బావ పదకొండేళ్లుగా ఆ గోదాములోనే ఉన్నాడు. ఆయన చెప్పిన మాట మీదే ఆమెకు అక్కడ సరుకు ఏరే పని దొరికింది.

ఇంటికి కావలసిన ఇనప సామానంతా ఉండే గోదాము అది. తలుపు బందులు, గొళ్లాలు, కుళాయిలు, బల్బులు, స్క్రూలు. ఏరేవాళ్ల చెవికి ఒక హెడ్‌ఫోను తగిలిస్తారు. అందులో ఒక ఆడగొంతు ఎక్కడికి వెళ్లాలో, ఎన్ని తీయాలో చెబుతూ ఉంటుంది. తెలుగువాళ్లు ఆ గొంతుకు అత్తగారు అని పేరు పెట్టుకున్నారు. ఎంత చేసినా మెచ్చుకోదు, ఒక్క క్షణం ఆగితే చెప్పిందే మళ్లీ చెబుతుంది, ఎదురు మాట్లాడితే అర్థం కాలేదంటుంది.

"పదిహేడో వరస, ముప్పై ఎనిమిది," అంటుంది అత్తగారు. పంతులమ్మ బండి తోసుకుంటూ వెళ్లి, ఆ అర దగ్గర అంటించిన రెండంకెలు పైకి చదవాలి. అవి సరిపోతే "నాలుగు" అంటుంది. నాలుగు డబ్బాలు తీసి బండిలో వేసి తనూ "నాలుగు" అనాలి. వెంటనే ఇంకో వరస. గంటకు నూట ఇరవై సార్లు. డబ్బా మీద ఏం రాసుందో చదువుతూ కూర్చుంటే ఆ లెక్క అందదు. మొదటి డబ్బా చూసి, మిగతావి చేతి కొద్దీ లాగెయ్యడమే.

అరలన్నీ ముందుకు వాలుగా ఉంటాయి. వెనక సందులోంచి అట్టపెట్టె పెడితే రోలర్ల మీద జారి ముందుకొస్తుంది. తీసేవాళ్లు ముందు సందులో, నింపేవాళ్లు వెనక సందులో. ఒకళ్ల ముఖం ఒకళ్లకు కనపడదు. పెట్టెల సందుల్లోంచి అప్పుడప్పుడూ చేతులు మాత్రం కనపడతాయి.

మొదటిసారి మూడంగుళాల తలుపు బందులు అడిగినవాళ్లకు నాలుగంగుళాలవి వెళ్లాయి. రెండోసారి తెల్ల వెలుతురు బల్బుల్లో సగం పసుపువి వెళ్లాయి. సూపర్‌వైజరమ్మ తప్పు నమోదు చేసిన రెండో కాయితం ముందు పెట్టి, "మూడోది వస్తే నా చేతుల్లో ఉండదు," అంది. ఆవిడ పిల్లికళ్లతో, మెత్తటి గొంతుతో మాట్లాడే మనిషి. గట్టిగా తిట్టినా బాగుండును అనిపించింది పంతులమ్మకు.

"నేను సరైన అరలోంచే తీశాను," అంది.

"అరలో చెయ్యి పెట్టింది నువ్వే కదా," అంది సూపర్‌వైజరమ్మ.

పంతులమ్మకు దొంగల్ని పట్టడం కొత్త కాదు. తరగతిలో పెన్సిల్ పోయిందని ఎవరైనా ఏడుపు మొదలుపెడితే నలభై మందినీ నిలబెట్టి ఒక్కొక్కరి కళ్లలోకి చూసేది. చూపు తప్పించినవాడి సంచి వెతికేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు పెన్సిల్ అక్కడే దొరికేది. మిగతా రెండుసార్ల సంగతి ఆమె పెద్దగా ఆలోచించలేదు.

ఇప్పుడు కూడా అదే పని చేసింది. టీ విరామంలో అందరి కళ్లలోకీ చూస్తూ పలకరించింది. పొడుగ్గా ఉండే ప్యాకింగ్ మనిషి నవ్వాడు. కొత్తగా చేరిన తెలుగమ్మాయి, "ఏంటి పంతులమ్మగారూ, హోంవర్క్ చేశావా అన్నట్టు చూస్తున్నారు?" అంది. ఎవరూ చూపు తిప్పుకోలేదు.

తిప్పుకున్నది ఒక్కడే. అదీ ఇంట్లో, అన్నం తింటూ.

"బావా, మూడో కాయితం పడితే నన్ను పంపించేస్తారట," అంది ఆమె.

బావ ఆమె చెవి పక్కనున్న గోడ వైపు చూస్తూ, "పడదులే," అన్నాడు. కంచం తీసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బావ తనకు తండ్రి లాంటివాడు. అమ్మ పోయినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. అక్క పెళ్లై ఏడాది కూడా కాలేదు. అయినా బావ, "చెల్లెల్ని ఇంకొకరింట్లో ఎందుకు ఉంచడం," అని తన ఇంటికి తెచ్చుకుని చదివించాడు. అలాంటి మనిషి కొన్నాళ్లుగా తన ముఖంలోకి చూసి మాట్లాడడం లేదు. ఎప్పటి నుంచో లెక్క వేసుకుంటే, సరిగ్గా తను వచ్చిన రెండు మూడు నెలల తర్వాతి నుంచి.

వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మడత సోఫా మీద ఆమె పడుకుంటుంది. దాని పక్కనే అక్క కుట్టుమిషను. అక్క ఒక బట్టల దుకాణానికి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పదకొండేళ్లైనా ఆ దేశపు భాష ఆమెకు "ఎంత", "పొడవు", "బిగుతు" దాటి రాలేదు. ఆ గదిలో తన సోఫా, అక్క మిషను, ఆరేసిన బట్టలు. బావకు కాలు చాపుకునే చోటు లేదు. బరువైపోయానా అన్న మాట ఒకసారి మనసులో పడ్డాక ప్రతిదీ దానికే అతుక్కుంది. టీవీ చూడడం మానేశాడు, నేను ముందు గదిలో ఉంటున్నాననా? కారు అమ్మేశాడు, నన్ను రోజూ ఎక్కించుకోవలసి వస్తుందనా? షుగరుకు నడక మంచిదని డాక్టర్ చెప్పాడట, ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడే చెప్పాడా?

అనుమానం ఆమె ఒక్కదానికే కాదు. ఒక ఆదివారం కూరగాయలు తరుగుతూ అక్క గొంతు తగ్గించి, "ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పవే. బుధవారాలు మీ దగ్గర ఓవర్‌టైమ్ ఉంటుందా?" అంది.

"లేదే. ఎందుకు?"

"మీ బావ బుధవారం బుధవారం గంటన్నర ఆలస్యంగా వస్తున్నారు. అడిగితే ఓవర్‌టైమ్ అంటున్నారు." అక్క కత్తిపీట పక్కన పెట్టేసింది. "ఎవరో ఉన్నారే. నాకు తెలుస్తోంది. ఫోను వస్తే బాల్కనీలోకి వెళ్లి మాట్లాడతారు. నా వైపు చూసి మాట్లాడి ఎన్నాళ్లైందో."

"ఛ, బావ అలాంటివాడు కాదక్కా."

"ఎలాంటివాడో నువ్వే కనుక్కో. ఒకే చోట పనిచేస్తారు కదా."

పంతులమ్మ చెవులు ఆ రోజు నుంచి బాల్కనీ తలుపుకు అతుక్కున్నాయి. రెండు రోజులకే ఫలితం దక్కింది. బావ ఆ దేశపు భాషలో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. "లేదు, ఇంట్లో తెలియదు... తెలియకూడదు... ఇంకో రెండుసార్లే అన్నారు కదా... సరే, బుధవారం."

అంతా ఒక్కసారిగా అర్థమైందనుకుంది. అక్క చెప్పింది నిజమే. తను గోదాములో ఉంటే ఎప్పటికైనా బయటపడుతుంది. తను అక్కడ లేకపోతే అక్కకు చెప్పేవాళ్లు ఉండరు. తప్పులు పడ్డ ఆ పదిహేడో వరసను వెనక సందులోంచి నింపేది ఎవరు? బావే.

కానీ రుజువు లేకుండా అనడం ఆమె పద్ధతి కాదు. మంగళవారం పొద్దున్న ఆరింటికే, తన పని మొదలవగానే, పదిహేడో వరసలో తను ఎక్కువగా తీసే పది అరల్లో ఉన్న ప్రతి డబ్బా మూలకు పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టింది. బావ పని ఏడింటికి మొదలవుతుంది. ఆ తర్వాత టిక్కు లేని డబ్బా కనపడితే అది ఆయన పెట్టిందే.

తొమ్మిదిన్నరకు అత్తగారు ముప్పై ఎనిమిదికి పంపింది. ఆరు కావాలంది. పంతులమ్మ తీస్తూ చూసింది. నాలుగింటికి టిక్కు ఉంది. అయిదోదానికి లేదు. డబ్బా తిప్పి చదివింది. మూడంగుళాల బందులు ఉండవలసిన చోట నాలుగంగుళాలవి. ఆరోదీ అంతే. దాని వెనక పెట్టె మొత్తం అంతే.

"మళ్లీ చెప్పు," అంది చెవిలో అత్తగారు.

అప్పుడే పక్క అర వెనక నుంచి రెండు చేతులు వచ్చి ఒక అట్టపెట్టెను లోపలికి తోశాయి. కుడి మణికట్టుకు నీలం గుడ్డపట్టీ ఉంది. నొప్పిగా ఉంటోందంటే అక్క కుట్టి ఇచ్చిన పట్టీ అది.

పంతులమ్మ హెడ్‌ఫోను తీసి బండి మీద పడేసింది. వరస చివరిదాకా వెళ్లి, చుట్టూ తిరిగి వెనక సందులోకి వచ్చింది.

బావ ఆమెకు పక్కగా నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర అయిదారు పెట్టెలు. రెండు అరల మధ్య ఒకే రేకు పట్టీ ఉంటుంది. దాని మీద పక్కపక్కన రెండు చీటీలు. బాణం పైకి ఉన్న చీటీ పై అరది, కిందికి ఉన్నది కింది అరది. ఆ బాణం పెసరగింజంత ఉంటుంది. బావ జేబులోంచి ఫోను తీసి ఆ చీటీని ఫొటో తీశాడు. నా అరల ఫొటోలు తీస్తున్నాడు, సాక్ష్యం తయారు చేస్తున్నాడు అనుకుంది ఆమె. కానీ ఆయన ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. తల పక్కకు తిప్పి, ఫోనును కంటి కొస దగ్గరకు, దాదాపు చెవి దగ్గరకు తెచ్చుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత స్కానరుతో చీటీని కొట్టాడు. అది కూతపెట్టింది. పెట్టె ఎత్తి, పై అరకు పెట్టవలసినది కింది అరలో పెట్టాడు.

పంతులమ్మ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. ఇద్దరికీ మధ్య నాలుగడుగుల దూరం.

బావ తలెత్తాడు. సూటిగా ఆమె ముఖం మీదికే చూశాడు.

"ఎవరండీ?" అన్నాడు ఆ దేశపు భాషలో. మర్యాదగా, చిన్నగా నవ్వుతూ. "దారికి అడ్డమా? వెళ్లండి, వెళ్లండి."

ఆమె కదల్లేదు. ఆయన ఇంకో క్షణం చూసి, సర్లెమ్మన్నట్టు తలూపి, చేత్తో అరల చట్రాన్ని తడుముకుంటూ నాలుగడుగులు వేసి, అక్కడ ఆపి ఉన్న, సరుకు ఎత్తి మోసే ఫోర్క్‌లిఫ్టు ఎక్కాడు. తాళం తిప్పాడు. వెనక్కి వచ్చేటప్పుడు మోగే కూత మోగింది. బండి మలుపు తిరిగి పెద్ద దారిలోకి, మనుషులు అడ్డంగా నడిచే దారిలోకి వెళ్లిపోయింది.

రెండింటికి ఆమె పని అయిపోతుంది. ఆ రోజు ఇంటికి వెళ్లలేదు. సైకిళ్లు పెట్టే షెడ్డు పక్కన బెంచీ మీద కూర్చుని మూడింటిదాకా బావ కోసం ఎదురుచూసింది. ఆయన రాగానే పిలిచింది.

"కూర్చోండి బావా. పొద్దున వెనక సందులో మీ ముందు నిలబడింది నేనే."

బావ నిలబడే ఉన్నాడు. "నువ్వా? ఎవరో అనుకున్నాను."

"నాలుగడుగుల్లో ఉన్నాను."

ఆయన బెంచీ అంచు చేత్తో చూసుకుని కూర్చున్నాడు. తర్వాత, "ఎడమ కన్ను ఏడాది నుంచి. కుడిది మూడు నెలలు," అన్నాడు. "షుగరు వల్లేనట. చుట్టూ కనిపిస్తుందమ్మా. ఎదురుగా ఉన్నదే కనిపించదు, మసిగుడ్డ అడ్డం పెట్టినట్టు ఉంటుంది. నీ ముఖం కనపడాలంటే నేను గోడ వైపు చూడాలి."

పంతులమ్మ తల వంచుకుంది. ఇన్నాళ్లూ తను దొంగచూపు అనుకున్నది తన ముఖం చూడడానికి ఆయన పడ్డ పాటు.

"మరి బుధవారాలు?"

"కంటి ఆసుపత్రి. వారం వారం పరీక్షలు, నెలకోసారి కంట్లోకే ఇంజెక్షన్ వేస్తారు. ఇంకో రెండు వేస్తే కుడి కన్ను కొంచెం తేరుకోవచ్చంటున్నారు. మీ అక్కకు చెప్పకు. చెబితే ఆ రోజు నుంచే నన్ను గడప దాటనివ్వదు."

"నా మీద పడ్డ తప్పులు మీవల్లేనని తెలుసా మీకు?"

"రెండోది పడ్డాక తెలిసింది."

"తెలిసి ఊరుకున్నారా?"

"నీకు చదువుంది. కళ్లున్నాయి. ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. నాకు దొరకదు."

ఆ మాటకు ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తనను చదివించిన మనిషి ఆ చదువునే చూపించి తనను పక్కకు తోసేశాడు.

"సరే, నా సంగతి వదిలేయండి. ఆ బండి ఎలా నడుపుతున్నారు?"

"పదకొండేళ్ల దారి. చేతులకే తెలుసు. అందరూ పచ్చ కోట్లు వేసుకుంటారు కదా, పక్కల నుంచి కనిపిస్తాయి."

"ఎదురుగా వస్తే?"

బావ లేవబోయాడు.

"శుక్రవారం లోపల మీరే వెళ్లి సూపర్‌వైజరమ్మకు చెప్పండి బావా. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"శుక్రవారం," అన్నాడు ఆయన. అది ఒప్పుకోవడమో, వినపడిందనడమో ఆమెకు తెలియలేదు.

ఒక్కసారి మొదలైన అనుమానం అంత తేలిగ్గా వదలదు. బుధవారం ఆమె ఆయన వెనకే బస్సెక్కింది. ఆయన ఇంటికి రెండు స్టాపుల ముందే దిగాడు. మెట్ల మీద బూటు అంచుతో తడుముకుంటూ ఎక్కి, పెద్ద కన్ను బొమ్మ ఉన్న అద్దాల తలుపులోకి వెళ్లాడు. చెప్పింది నిజమే. ఆమెకు ఊరట కలగలేదు. తండ్రి లాంటివాడి వెంట పోలీసులా వచ్చానన్న సిగ్గు మాత్రం కలిగింది. ఇంటికి వెళ్లాక అక్క ఆత్రంగా, "ఏమైనా తెలిసిందా?" అంటే, "ఎవరూ లేరక్కా, నన్ను నమ్ము," అంది. "అయితే ఎక్కడికి వెళ్తున్నట్టు?" అంది అక్క. పంతులమ్మ స్నానానికని లేచింది.

గురువారం మూడో కాయితం పడింది. ఈసారి తొమ్మిదో వరసలో గొళ్లాలు. "సోమవారం పైవాళ్లు కూర్చుంటారు," అంది సూపర్‌వైజరమ్మ. "నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?" పంతులమ్మకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. శుక్రవారం దాకా అని గడువు పెట్టింది తనే. లేదని తలూపి బయటికొచ్చింది.

శుక్రవారం పదకొండింటికి చూసేసరికి బావ ఫోర్క్‌లిఫ్టు మీదే ఉన్నాడు. అన్నం విరామంలో వెళ్లి ఎదురుగా కూర్చుంది.

"చెప్పారా?"

"సోమవారం చెబుతాను తల్లీ. ఈ రెండు రోజులూ ఆలోచించుకోనీ."

"సోమవారం నన్ను తీసేస్తున్నారు."

"అవునా?" అన్నాడు బావ. ఆ 'అవునా'లో తెలియనితనం ఎంతుందో, తెలిసే అడిగింది ఎంతుందో ఆమె తేల్చుకోలేకపోయింది. ఆయన ముఖంలోకి చూసి పోల్చుకోవడమనే విద్య ఆమె దగ్గర ఇక మిగల్లేదు.

ఆమె అన్నం డబ్బా మూత పెట్టి, మెట్లెక్కి, సూపర్‌వైజరమ్మ గది తలుపు తట్టింది. ఆ పద్దెనిమిది మెట్లు ఎక్కుతున్నంతసేపూ తనను తానే అడుక్కుంది. ఆ పెద్ద దారిలో నడిచే మనుషుల కోసం వెళ్తున్నానా, నా పేరు కడుక్కోవడానికి వెళ్తున్నానా? మనుషుల కోసమే అయితే మంగళవారమే ఎందుకు ఎక్కలేదు? మూడు రోజులు వాళ్లను ఆ బండి ముందు వదిలేశాను కదా?

లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. సూపర్‌వైజరమ్మ చివరిదాకా వినలేదు. సగంలోనే లేచి కిందికి పరిగెత్తింది. పై కిటికీలోంచి పంతులమ్మ చూసింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపించింది. ఏదో అడిగింది. బావ తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టి, బండి పక్కనున్న కడ్డీ పట్టుకుని మెల్లగా దిగాడు. గోదాము మొత్తం పని ఆగిపోయి చూస్తోంది. ఆయన ఎవరివైపూ చూడలేదు. చూసినా వాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో బావ తనే అక్కకు చెప్పాడు. అక్క మిషను ముందు నుంచి లేవకుండా విన్నది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదక్కా."

"ఏదైనా విరిగిందా? పడిందా?"

"లేదు."

"ఏమీ జరగలేదు. అయినా వెళ్లి చెప్పేశావు."

"జరిగాక చెబితే ఏం లాభం?"

"సరే, అది న్యాయమే అనుకుందాం." అక్క కళ్లనిండా నీళ్లున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. "నీకు మంగళవారం తెలిసింది. మంగళ, బుధ, గురు... మూడు రోజులు నా చేతి అన్నం తింటూ నా ముఖం చూస్తూ ఉన్నావు. ఆ పిల్లికళ్లావిడకు చెప్పడానికి నోరొచ్చింది. నాకు చెప్పడానికి రాలేదా? ఆయనకో ఆడదాన్ని అంటగట్టి నేను లోలోపల కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకున్నారు ఇద్దరూ."

అక్క మళ్లీ మిషను వైపు తిరిగింది.

సోమవారం పైవాళ్లు కూర్చున్నారు. పాత రికార్డులన్నీ తిరగేశారు. మొదటి రెండు కాయితాలూ కొట్టేశారు. మూడోది కొట్టెయ్యలేదు.

"తొమ్మిదో వరస మీ బావ నింపేది కాదు," అంది సూపర్‌వైజరమ్మ. "సరుకు సరైన చోటే ఉంది. కెమెరాలో చూశాం. నువ్వు అంకెలు చూడకుండా బట్టీపట్టింది చెప్పేసి, పక్క అరలో చెయ్యి పెట్టావు."

పంతులమ్మ ఆ వీడియోను రెండుసార్లు వేయించుకుని చూసింది. పచ్చ కోటు వేసుకున్న ఒక మనిషి, ముందుకు చూస్తూనే, పక్క అరలోంచి గొళ్లాలు లాగుతోంది. సందేహం లేదు, తనే. ఆ కాయితం మీద సంతకం పెట్టింది.

బావను నెల రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత అట్టపెట్టెలు మడిచే బల్ల దగ్గర వేశారు. ఆ పనికి చేతులుంటే చాలు. పంతులమ్మ ఆ లోపే వేరే గది చూసుకుంది. బట్టలుతికే దుకాణం మీద గది. నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, సబ్బు వాసన వస్తుంది. సామాను తీసుకెళ్లే రోజు అక్క లోపలి గదిలోంచి బయటికి రాలేదు. బావ కిందిదాకా సంచీ మోసుకొచ్చాడు. "మీ అక్క నిన్ను అన్న మాటలు పట్టించుకోకు," అన్నాడు. "మరి మీరు?" అంది ఆమె. "నేనేం అనలేదుగా," అన్నాడు ఆయన.

గోదాములో కూడా ఆమెను చూసే తీరు మారింది. ఆమె వస్తుంటే మాటలు ఆగేవి. సొంత బావను పట్టించిన మనిషి, మన సంగతి పట్టించదా అన్నట్టు ఉండేవి ఆ చూపులు. ఫోర్క్‌లిఫ్టు దారిలో రోజుకు ఇరవైసార్లు నడిచేవాళ్లే వాళ్లంతా.

అయిదు వారాల తర్వాత ఒక సాయంత్రం అక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. గదిని ఓసారి పైనుంచి కిందికి చూసింది.

"గాలి ఆడుతోందా ఇందులో?"

"ఆడుతోంది. లోపలికి రా అక్కా."

"కూర్చోడానికి రాలేదు. రేపు బుధవారం. మీ బావకు చివరి ఇంజెక్షన్. నేనూ వెళ్తున్నాను. ఆయన ఇప్పుడు అన్నీ చెబుతున్నారు. ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, అన్నీ. ఒక్కటీ నమ్మబుద్ధి కావడం లేదే. నిజం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తోంది. డాక్టర్ ఏమన్నాడో ఆయన నోటితో కాకుండా వినాలి. నాకు ఆ భాష రాదు. నువ్వు రా."

పంతులమ్మ సెలవు పెట్టి వెళ్లింది. ముగ్గురూ ఒక చిన్న గదిలో కూర్చున్నారు. డాక్టర్ కుర్రతనం పోని మనిషి, త్వరత్వరగా మాట్లాడాడు. ఎడమ కన్ను ఇక రాదు. కుడి కన్ను కొంత నిలబడింది. పెద్ద అక్షరాలు చదవగలడు, మనుషుల్ని దగ్గర నుంచి గుర్తుపట్టగలడు. బండ్లు మాత్రం ఎప్పటికీ నడపకూడదు. షుగరు అదుపులో ఉంచుకోకపోతే ఈ కాస్తా పోతుంది.

పంతులమ్మ ఒక్కో మాటా తెలుగులో చెప్పింది. చెబుతున్నంతసేపూ అక్క డాక్టర్‌ని కాదు, ఆమె ముఖాన్నే రెప్ప వెయ్యకుండా చూసింది.

"ఏమీ తగ్గించలేదుగా?" అంది అక్క.

"లేదు."

"కలపలేదుగా?"

"లేదక్కా. ఉన్నది ఉన్నట్టే చెప్పాను."

అక్క బావ వైపు తిరిగింది. ఆయన, "అదే చెప్పాడు. నేనూ విన్నాను," అన్నాడు.

అక్క ఇంకా నమ్మలేదు. డాక్టర్ బల్ల మీది కాయితం వేలితో చూపించి, "ఇందులో ఏం రాశాడో కూడా చదువు," అంది. పంతులమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని, మొదటి గీత నుంచి, తేదీతో సహా, మెల్లగా చదవడం మొదలుపెట్టింది.